'బాగుంది' తర్వాతి మాట

నవలలు రాసేవాళ్ళకు పాఠకుల నుంచి ఎక్కువగా వచ్చే మాట ఒక్కటే: "బాగుంది." దాని వెనకే మరో మూడు మాటలు వరసగా నిలబడి వుంటాయి. "ఏడిపించేశారండీ", "అచ్చం మా యింటి కథే", "ముగింపు మాత్రం అన్యాయం". వెనకటి రోజుల్లో యివి పోస్టుకార్డుల మీద వచ్చేవి. ఇప్పుడు ఫోన్లో వస్తున్నాయి. దారి మారింది గాని మాటలు మారలేదు.

విమర్శకులకు యీ మాటలంటే చిన్నచూపు. శిల్పం గురించీ, దృక్పథం గురించీ మాట్లాడితేనే అది విమర్శ అని వాళ్ళ లెక్క. కథ చదివి కొంగుతో కళ్ళు తుడుచుకున్న యిల్లాలి అభిప్రాయం వాళ్ళ చిట్టాలో జమపడదు. పైగా, "ఆడవాళ్ళ అభిరుచి అంతేనండీ" అని ఒక మాట విసిరి పక్కకు తప్పుకుంటారు.

నేను రాసేదాన్ని. రాయడానికి చాలా ముందునుంచీ చదివేదాన్ని కూడా. అందుకని పాఠకురాలి పక్షాన ఒక మాట, పాఠకురాలితో ఒక మాట చెప్పాలనిపిస్తూ వుంటుంది. ఆమె కన్నీరు అభిప్రాయం కాదనడం తప్పు. అలాగని ఆ కన్నీటితోనే ఆగిపోతే ఆమె తన మాటను తానే సగంలో వదిలేసినట్టు. 'బాగుంది' తర్వాత యింకో మాట వుండాలి. ఆ మాట దగ్గరే విమర్శ మొదలవుతుంది.

ముందుగా, అందరూ వేళాకోళం చేసే నవలల సంగతి చూద్దాం. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' తెలియని తెలుగు యిల్లు బహుశా లేదు. మా అమ్మ తరం వాళ్ళు సీరియల్ కాగితాలు నెల నెలా చించి, దబ్బనంతో కుట్టి, బీరువాలో చీరల కింద దాచుకున్నారు. ఆ రాజశేఖరం, ఆ కారు, ఆ మేడా అన్నీ కలలేనని, ఆడపిల్లల్ని పాడుచేశాయని పెద్దలు ఎన్నో వ్యాసాలు రాశారు. సరే, కలలే అనుకుందాం. కాని బద్వేలు లాంటి వూళ్ళో, సంగటి కెలికిన చేత్తో ఆ పేజీలు తిప్పిన ఆవిడ అందులో ఏం చూసిందో ఆవిణ్ణి అడిగినవాళ్ళు ఎవరు? నేను అడిగాను. మా పిన్నమ్మ చెప్పిన జవాబు యిది: "కారుదేముంది లేమ్మా, బస్సు దొరికితే చాలు మనకు. ఆ జయంతి వుందే, ఆ పిల్ల ఎవరికీ తల వంచదు. అది నచ్చింది నాకు."

చూశారా? రాజశేఖరం కోసం చదివిందని మనం అనుకుంటున్న మనిషి జయంతి కోసం చదివింది. ఆ పిల్ల ఆత్మాభిమానం కోసం చదివింది. తన పెళ్ళిచూపుల్లో తలెత్తడానికి వీల్లేకపోయిన మనిషికి, తలెత్తి మాట్లాడే ఆడపిల్ల కాగితం మీదైనా కనిపించడం చిన్న విషయమా? సులోచనారాణి గారు 2018లో కన్నుమూసినప్పుడు సొంత మనిషి పోయినట్టు బాధపడిన ఆడవాళ్ళు ఎందరో. ఆ బాధకు కారణం మేడలూ కార్లూ కావు. ఆ నవలల్లో సంపన్న యువకుడే పరిష్కారం కావడం లోపమే, ఆ మాట అనవలసిందే. అయితే మా పిన్నమ్మ జవాబు విన్న తర్వాతే అనాలి.

మా వీధిలో మధ్యాహ్నం వంటపనులు అయ్యాక నలుగురైదుగురం ఒకచోట చేరతాం. వేయించిన చెనిక్కాయలు ఒక పళ్ళెంలో, చేతులు మారుతూ నలిగిన పుస్తకం ఒకటి మధ్యలో. దీన్ని సాహిత్య సభ అంటే నవ్వుతారు. అధ్యక్షులు లేరు, వందన సమర్పణ అంతకంటే లేదు. కాని అక్కడ జరిగినంత వాదన నేను పెద్ద సభల్లో కూడా వినలేదు.

ఒకసారి డాక్టర్ పి. శ్రీదేవి గారి 'కాలాతీత వ్యక్తులు' చదివాం. 1957లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చిన నవల అది. రాసినావిడ వైద్యురాలు. చిన్న వయసులోనే 1961లో పోయారు. ఇంకా బతికి వుంటే ఏమేం రాసేవారో అనుకోని పాఠకురాలు వుండదు. ఆ నవల్లో యిందిర అనే అమ్మాయి వుంది. ఉద్యోగం చేస్తూ తండ్రిని పోషిస్తూ వుంటుంది. జీవితంలో తనకు కావలసింది తానే తీసుకోవాలనుకుంటుంది. మొహమాటాలు లేవు. ఇందిర పేరెత్తగానే మా పళ్ళెం చుట్టూ రెండు పక్షాలు ఏర్పడ్డాయి.

టీచరుగా చేసి రిటైరయిన అక్కయ్య ఒకావిడ గట్టిగా అంది: "ఎంత కష్టమొచ్చినా పక్కవాళ్ళ మనసుతో ఆడుకోవచ్చునా? కల్యాణికి కష్టాలు తక్కువా? ఆమె అట్లా చేసిందా?"

పక్కింటి కోడలు వెంటనే అందుకుంది: "ఆయమ్మి జీతం రాకుంటే ఆ యింట్లో పొయ్యి ఎలగదు గదక్కా. సంపాదించి పెట్టే వరకూ మంచిదే, తనకేదన్నా కావాలంటే మాత్రం చెడ్డదా?"

ఆ మాటకు అక్కయ్య కాసేపు పలకలేదు. ఆ పలకకపోవడానికి కారణం నవల్లో లేదు. ఆవిడ కూడా పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు జీతం తెచ్చి యింట్లో యిచ్చింది. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తనక్కర లేదు కూడా.

ఇక్కడొక విషయం గమనించాలి. ఇందిర మంచిదా, చెడ్డదా అన్నది మన ప్రతిస్పందన. ఒకే నవల చదివి యిద్దరు రెండు రకాలుగా స్పందించేలా శ్రీదేవి గారు ఏం చేశారన్నది విమర్శ. ఆవిడ చేసింది చూడ్డానికి చాలా చిన్న పని. ఇందిరను శిక్షించలేదు. ఆ రోజుల్లో దారి తప్పిందనుకున్న ఆడదానికి కథల్లో రెండే దారులు వుండేవి, నుయ్యి లేక క్షయ. రచయితే న్యాయాధిపతి అయి తీర్పు చెప్పేసేవాడు. పాఠకులకు తలవూపడం తప్ప వేరే పని వుండేది కాదు. శ్రీదేవి గారు తీర్పు చెప్పకుండా కలం పక్కన పెట్టారు. అందుకే అన్నేళ్ళ తర్వాత కూడా బద్వేలులో ఒక వీధి అరుగు మీద ఆ కేసు నడుస్తూనే వుంది. ఈ నవల ఆధారంగా 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది. సినిమా చూసినవాళ్ళు హాయిగా యింటికి వెళ్ళి నిద్రపోయారు. నవల చదివినవాళ్ళకు మాత్రం యిందిరతో తగువు తీరలేదు.

ఇక నచ్చకపోవడం సంగతి. మనవాళ్ళు నచ్చిన దాన్ని గట్టిగా చెబుతారు గాని నచ్చనిదాన్ని మింగేస్తారు. పేరున్న రచయిత్రి కథ అయితే మరీను. "మనకే అర్థం కాలేదేమో" అని సర్దుకుంటారు. మాలో ఒకావిడ మాత్రం అలా సర్దుకోలేదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ చదివి వినిపించినప్పుడు ఆవిడ మొహం చిట్లించింది. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన గృహిణి కథ అది. పేరు కోసం వెతుక్కుంటూ బయలుదేరుతుంది. చివరికి చిన్ననాటి స్నేహితురాలు పేరుపెట్టి పిలిచాక గాని తాను శారదనన్న సంగతి గుర్తు రాదు.

"పేరు మర్చిపోయే ఆడది యాడన్నా వుంటాదా? ఇది కతా, కాకమ్మ కబురా?" అందావిడ.

నాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది. నేను జవాబు చెప్పేలోగా యింకొకావిడ అడిగింది: "మీ అత్తగారింట్లో నిన్నెవరన్నా పేరుపెట్టి పిలిచినారా వదినా?"

ఆవిడ వేళ్ళు లెక్కపెట్టుకుంది. "మా ఆయన 'ఇదో' అంటాడు. మా అత్త 'ఏమ్మే' అంటాది. వీధిలో ఫలానావాళ్ళ కోడలంటారు. పిల్లోళ్ళ బళ్ళో వాళ్ళమ్మంటారు." కాసేపాగి, "నా పేరు పొదుపు సంఘం రిజిస్టర్లో వుందిలే, నెలకోసారి సంతకం పెడతాండా" అంది.

అందరం నవ్వాం. తర్వాత ఎవరూ వెంటనే మాట్లాడలేదు. 'ఇది నమ్మేలా లేదు' అన్న ఆ ఒక్క మాట వల్లనే కథ తత్వం బయటపడింది. సత్యవతి గారు జరిగిన సంగతి చెప్పడం లేదు. జరుగుతున్న దాన్ని కొంచెం పెంచి, పెద్ద అద్దంలో చూపిస్తున్నారు. పెంచినట్టు కనిపించేంత వరకే అది కాకమ్మ కబురు. వేళ్ళు లెక్కపెట్టుకున్న క్షణం నుంచీ అది మన చరిత్ర. ఆవిడ మర్యాద కోసం "బాగుంది" అనేసి వుంటే యిదంతా మాకు దక్కేది కాదు.

మా సీమ కథల దగ్గరికి వస్తే మరో రకం చిక్కు. రాయలసీమ అనగానే బయటివాళ్ళకు బాంబులు, కత్తులు, గాల్లోకి లేచే వాహనాలే కళ్ళముందు కదులుతాయి. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర' వంటి సినిమాలు ఆ బొమ్మను ఖాయం చేశాయి. సినిమా చూసి వచ్చిన కోస్తా చుట్టాలు, "మీ వూళ్ళో రోజూ అలాగే వుంటుందా?" అని అడిగితే, "లేదండీ, మాకు రోజూ నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూడ్డంతోనే సరిపోతుంది" అని చెప్పాల్సి వచ్చేది.

కమలాపురం దగ్గర రంగసాయిపురంలో 1939లో పుట్టి, 2023లో మనల్ని వదిలి వెళ్ళిన కేతు విశ్వనాథరెడ్డి గారి కథలు ఆ బొమ్మకు సరైన జవాబు. కడప జిల్లా వూళ్ళ పేర్ల మీద పరిశోధన చేసిన మనిషి ఆయన. వూరి పేరే కాదు, వూరి నాడి కూడా తెలుసు. ఆయన కథల సంపుటికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ పుస్తకం తీసుకెళ్ళిన మా వదిన ఒకామె తిరిగి యిస్తూ, "కతలు బాగుండాయి గాని, ఒక్కోటి చదివినాక తర్వాత పేజీ చిరిగిపోయిందేమో అని వెతుక్కుంటి" అంది.

ఇది ఫిర్యాదు లాగా వున్నా నిజానికి చాలా నిశితమైన పరిశీలన. వారం వారం సీరియళ్ళకు అలవాటుపడిన మనకు చివర్లో ముడి విప్పాలి. దోషికి శిక్ష పడాలి, పిల్లకు పెళ్ళి కావాలి. విశ్వనాథరెడ్డి గారు ముడి ఎక్కడ పడిందో చూపిస్తారు. విప్పడం మన చేతికి వదిలేస్తారు. కరువు సీమలో వానకోసం ఎదురుచూసే చూపుకు ముగింపు ఏముంటుంది? రచయిత ఒక వాన కురిపించి కథ ముగిస్తే మనకు తృప్తిగానే వుంటుంది గాని, అది అబద్ధపు తృప్తి. 'పేజీ చిరిగిపోయింది' అన్న భావన కలగడమే ఆ కథల విజయం. అయితే యిది పాఠకురాలికి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకుండా "నీకు అభిరుచి లేదు" అంటే ఆవిడ మళ్ళీ ఆ పుస్తకం ముట్టుకోదు. నష్టం ఎవరికి?

ఇప్పుడు మా వూరి పక్కనే పుట్టిన నవల సంగతి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారిది కలసపాడు మండలం బాలరాజుపల్లె. మా బద్వేలు వైపు మనిషే. ఆయన 'కొండపొలం' నవలకు 2019లో తానా బహుమతి వచ్చింది. 2021లో అదే పేరుతో సినిమా కూడా వచ్చింది. వూళ్ళో మేతా నీళ్ళూ కరువైనప్పుడు కాపర్లు గొర్రెమందల్ని తోలుకొని నల్లమల కొండల్లోకి పోయి, వారాల తరబడి అక్కడే వుండిపోవడాన్ని మా వైపు కొండపొలం పోవడం అంటారు. ఇంజనీరింగ్ చదివినా ఉద్యోగం దొరకని కుర్రవాడు తండ్రి వెంట అలా కొండకు పోవడం, అడవీ పులీ భయం అతణ్ణి మనిషిగా నిలబెట్టడం ఆ నవల కథ.

ఈ నవల మీద వూళ్ళో వినిపించిన మాటలు మూడు రకాలు. మొదటిది, "మనోడు రాసినాడు." గర్వం మంచిదే. మన నోటి మాట అచ్చులో, అదీ యింత ధీమాగా కనిపిస్తే ఎవరికి గర్వంగా వుండదు? కాని మనోడు రాశాడన్నది పుస్తకం గురించిన మాట కాదు, మన గురించిన మాట. రెండోది దీనికి పూర్తిగా ఎదురు. "మా వూరి కతే గదా, యిందులో ఏముంది?" గొర్రెలూ కరువూ పొద్దున లేస్తే కనిపించేవే, డబ్బు పెట్టి కొనుక్కొని చదవాలా అని. ఎక్కడో దూరదేశపు కథ అయితేనే సాహిత్యమని, మన గడప ముందుది కాదని మనకు ఎవరు నేర్పారో తెలియదు గాని గట్టిగానే నేర్పారు. అడవిలో నీటి జాడ ఎలా పట్టాలో, మందను ఎలా కాసుకోవాలో తెలిసిన చదువురాని మనిషి తెలివి, పట్టా పుచ్చుకున్న కుర్రవాడి తెలివికి తక్కువ కాదని ఆ నవల చెబుతోంది. 'ఏముంది' అన్నవాళ్ళకు కనిపించనిది అదే.

మూడో మాట ఒక్కరే అన్నారు. గొర్రెలున్న యింట పుట్టి, పదో తరగతి దాకా చదివి, బద్వేలుకు కోడలుగా వచ్చినామె. పుస్తకం నాలుగు రోజుల్లో చదివి తెచ్చిచ్చింది.

"శానా బాగుందక్కా. అడివి సంగతి, గొర్రెల సంగతి అంతా నిజమే. మా నాయన మాట్లాడినట్టే వుంది. కానీ మొగోళ్ళు కొండకు పోయినాక యింటికాడ మేమెట్ల నీళ్ళు తెచ్చుకుంటిమో, ముసిలోళ్ళను పిల్లోళ్ళను ఎట్ల సాకితిమో, పులి మాట యిని మాయమ్మ రాత్రిళ్ళు నిద్ర ఎట్ల లేకుండెనో, అది యాడుందక్కా?"

ఈ మాట విన్నాక నేను నవల మళ్ళీ తిరగేశాను. కథ ఎక్కువ భాగం కొండమీదే నడుస్తుంది. అది రచయిత ఎంచుకున్న హద్దు. ఆ హద్దు లోపల ఆయన బాగా రాశారా లేదా అన్నదే మనం అడగవలసిన ప్రశ్న. దానికి జవాబు చాలా బాగా రాశారనే. ఇంట్లో మిగిలినవాళ్ళ కథ రాయలేదని నవలను తప్పుపట్టడం న్యాయం కాదు. అయినా ఆమె ప్రశ్న వూరికే పోదు. కొండకు పోయినవాడి సాహసం నవల అయింది. ఇంటి దగ్గర వున్న ఆమె సాహసం యింకా నవల కావలసి వుంది. సినిమావాళ్ళకూ కథలో ఆడమనిషి కొరత కనిపించింది కాబోలు, కొండమీదికే ఓబులమ్మ అనే కథానాయికను పంపించారు. మా పాఠకురాలు అడిగింది కథానాయికను కాదు. వాళ్ళమ్మను. ఈ తేడా పట్టుకోగలిగిన ఆమెకు విమర్శకురాలని పేరు లేకపోతే నాకేం అభ్యంతరం లేదు గాని, ఆమె చేసింది విమర్శే.

పాఠకులకు యింత విలువ యిస్తే వాళ్ళు రచయితల నెత్తినెక్కుతారని భయపడేవాళ్ళూ వున్నారు. ఆ భయం పూర్తిగా కాదనలేం. ఇబ్సెన్ 1879లో రాసిన 'బొమ్మరిల్లు' నాటకంలో నోరా భర్తనూ పిల్లల్నీ వదిలి తలుపు వేసి వెళ్ళిపోతుంది. అలాంటి తల్లి వేషం నేను వెయ్యనని జర్మనీలో ఒక నటి పట్టుబట్టింది. ఇబ్సెన్ 1880లో మనసొప్పకుండానే, నోరా ఆగిపోయేట్టు వేరే ముగింపు రాసిచ్చాడు. మన దగ్గర రంగనాయకమ్మ గారి 'జానకి విముక్తి' వారపత్రికలో వస్తూండగా పాఠకుల్లో పెద్ద దుమారమే లేచింది. సీరియల్ మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత పుస్తకంగా వచ్చి యిప్పటికీ చదువుకుంటున్నారు. 'నాకు నచ్చలేదు' అనడం వేరు, 'నువ్వు రాయకూడదు' అనడం వేరు. మొదటిది పాఠకురాలి హక్కు. రెండోది ఎవరి హక్కూ కాదు. నోరా వెళ్ళడం నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పవచ్చు, వాదించవచ్చు, వేరే నాటకం రాసుకోవచ్చు. ఆమె వేసిన తలుపు మాత్రం మనం తెరవకూడదు.

అందరికీ తెలిసిన సంగతే మరొకటి చెబుతాను. మన యిళ్ళల్లో ఆడపిల్లను "నీకు నచ్చిందా?" అని ఎన్నిసార్లు అడుగుతారు? చీర కొనేటప్పుడు అడుగుతారు, అదీ ధర నిర్ణయమయ్యాక. సంబంధం కుదిరేటప్పుడు అడిగినట్టు నటిస్తారు. వూరు మారేటప్పుడు, ఉద్యోగం మానేటప్పుడు, ఎన్నో బిడ్డతో ఆగాలో నిర్ణయించేటప్పుడు అడగరు. అడగకపోగా అడగకపోగా, నచ్చడం నచ్చకపోవడం అన్న ఆలోచనే తుప్పు పడుతుంది. అలాంటి మనిషికి మధ్యాహ్నం పూట ఒక గంట ఒక కథ దొరికింది. అక్కడ ఆమె "ఈ మొగుడు నాకు నచ్చలేదు" అనవచ్చు. "ఈ త్యాగం నాకు నచ్చలేదు, యీ తల్లి నాకు నచ్చలేదు" అనవచ్చు. ఎవరి అన్నమూ ఆగదు, ఎవరి పరువూ పోదు. నిర్భయంగా అభిప్రాయం చెప్పడం ఎక్కడో ఒకచోట అభ్యాసం చెయ్యాలి గదా! కథ అందుకు మంచి చోటు. ఆ చోట కూడా "ఆడవాళ్ళ అభిరుచి అంతేనండీ" అని నోరు మూయించేవాళ్ళ మీద నాకు కోపం రావడానికి కారణం అదే.

మాలతీ చందూర్ గారు దశాబ్దాల తరబడి 'ప్రమదావనం'లో ఆడవాళ్ళ ప్రశ్నలకు జవాబులు చెప్పారు. 'పాత కెరటాలు'లో విదేశీ నవలల్ని మన వంటింటి గడప దాకా తెచ్చి పరిచయం చేశారు. పాఠకురాలికి తెలివి లేదని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. తెలుసుకునే వీలు దొరకలేదని మాత్రమే అనుకున్నారు. ఈ రెంటికీ వున్న దూరం మన విమర్శకులు యింకా నడవలేదు.

కాబట్టి అమ్మలూ, అక్కలూ! ఈసారి ఒక కథ చదివాక "బాగుంది" అని పుస్తకం మూసేయకండి. ఎవరి పక్షాన నిలబడి చదివారో చూసుకోండి. ఎవరికి మాట్లాడే అవకాశం రాలేదో వెతకండి. ఎక్కడ ఆవులింత వచ్చిందో గుర్తుపెట్టుకోండి, అది కూడా అభిప్రాయమే. ముగింపు మార్చాలనిపిస్తే ఏమని మారుస్తారో, ఎందుకు మారుస్తారో మీలో మీరే చెప్పుకోండి. ఆ 'ఎందుకు'కు జవాబు ఒక్కోసారి పుస్తకంలో దొరుకుతుంది, ఒక్కోసారి మీ యింట్లోనే దొరుకుతుంది. రెండుచోట్లా వెతకడమే చదవడం.

ఆ తర్వాత వీలైతే రచయితకు నాలుగు ముక్కలు రాయండి. పొగడ్త వుంటే సంతోషమే, మేమూ మనుషులమే గదా! కాని, "అంతా బాగుంది గాని, మాయమ్మ యాడుంది?" అన్న ఒక్క ప్రశ్న రాసి పంపినావిడను ఏ రచయితా మరచిపోడు. పొగడ్త పండగ పూట తినే పాయసం లాంటిది, సాయంత్రానికి అరిగిపోతుంది. ఆ ప్రశ్న మాత్రం తర్వాతి నవల మొదటి పేజీ దాకా వెంట వస్తుంది.